బ్యాటరీ సైకిళ్ల మీద అయోధ్య కొండకు

అయోధ్య వెళ్లొచ్చామని చెప్పగానే మా బంధువుల్లో సగం మంది ప్రసాదం అడిగారు. మిగతా సగం మంది క్యూ ఎంత పొడుగుందని అడిగారు. మేము వెళ్లిన అయోధ్య అది కాదు. పశ్చిమ బెంగాల్లో, పురూలియా జిల్లాలో ఉన్న ఒక కొండ పేరు అయోధ్య. అక్కడ క్యూ లేదు, ప్రసాదం లేదు, నాటుకోడి కూర మాత్రం ఉంది. కలకత్తా నుంచి అక్కడికి బ్యాటరీ సైకిళ్ల మీద వెళ్లామంటే ఎక్కువ మంది నమ్మలేదు. నమ్మినవాళ్లు మా వయసు గుర్తుచేశారు.

మా ఆయన సుబ్బారావు బ్యాంకు అధికారి. ఆఫీసులో బెంగాలీలు రావ్‌దా అంటారు. నేను పద్మ, కలకత్తాలోనే ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. మాది రాజమండ్రి. ఉద్యోగాల కోసం వచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. కిందటేడు ఆయన గుండెకు స్టెంటు వేశారు. స్టెంటు బాగానే కూర్చుంది. దాంతో మనిషి కూడా కూర్చుండిపోయాడు. లిఫ్టు పాడైతే ఆఫీసుకు సెలవు. కూరగాయలకు వెళ్లాలంటే నేను తోడు. సీరియల్లో ఎవరైనా గట్టిగా ఏడిస్తే చాలు, మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు. పెళ్లయిన కొత్తలో నన్ను హిమాలయాల్లో తిప్పి తిప్పి నా కాళ్లు అరగదీసిన మనిషి ఈయనే.

డాక్టరు మాత్రం, "గుండె బాగుంది రావుగారూ, కొండలెక్కండి. రొప్పుతూ ఎక్కకండి, అంతే" అన్నాడు. రొప్పకుండా కొండెక్కడం ఎలాగని వెతుకుతుంటే ఈ సైకిళ్లు కంటపడ్డాయి. లావుపాటి టైర్లు, పెడల్ దగ్గర మోటారు, కింది కడ్డీలో బ్యాటరీ. మనం తొక్కుతుంటేనే మోటారు వెనకనుంచి తోస్తుంది, మనం మానేస్తే అదీ మానేస్తుంది. ఎంత తొయ్యాలో చెప్పడానికి మూడు మీటలు: ఎకో, ట్రైల్, టర్బో. ఒక్కోటీ ఇంచుమించు నిండు గ్యాస్ సిలిండరంత బరువు. కొట్టువాడు ఒక్క ఛార్జింగుతో నూట ఇరవై కిలోమీటర్లు వస్తుందన్నాడు. ఆ లెక్క పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిది. పూర్తిగా అబద్ధం కాదు. బక్కపలచని మనిషి, చదునైన రోడ్డు మీద, ఎదురుగాలి లేని రోజు, సామాను లేకుండా, ఎకోలో తొక్కితే వస్తుంది. మా ఆయన బక్కపలచన కాదు.

సంత్రాగాఛి

డిసెంబరు సెలవుల్లో బయల్దేరాం. పెద్ద వంతెన జోలికి పోకుండా గార్డెన్ రీచ్ దగ్గర లాంచీ ఎక్కి హుగ్లీ నది దాటాం. లాంచీలో రేవు కూలీలు, కోళ్ల బుట్టలు, టిఫిన్ క్యారియర్లు, మధ్యలో మేము. అవతలి ఒడ్డు చేరేలోపు మా టైర్లను పిసకనివాడు లేడు. "దాదా, మోటోర్ ఆఛే తో పెడల్ కేనో?" అన్నాడొకాయన. అన్నా, మోటారుంటే మరి పెడలెందుకు అని. మా ఆయన పెడల్ తిప్పి చూపించేలోపే ఒడ్డు వచ్చేసింది.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పైడితల్లి అత్త ఉంది. ఆమె కూతురు నా దగ్గర చదువుకుంది. వాళ్ల మామగారి కాలంలో విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. ఆమె తెలుగులో సగం బెంగాలీ, మిగతా సగం హిందీ, అయినా యాస మాత్రం చెక్కుచెదరలేదు. వాకిట్లో సైకిళ్లు ఆపగానే చీర కొంగు బిగించి చుట్టూ తిరిగి చూసింది.

"ఏటమ్మా పద్మా ఇది? మోటారున్నాదా?"

"ఉంది అత్తా."

"మరి తొక్కుడెందుకు?"

"తొక్కితేనే మోటారు పనిచేస్తుంది."

"ఓలమ్మో! తొక్కుడే తొక్కాలంటే మోటారెందుకే?" అని, మా ఆయన వైపు తిరిగింది. "ఏటి బాబూ, గుండెకి ఆపరేసన్ అయినోడివి, ఇంటికాడ బాగా తిని తొంగోక, ఈ పాగలామీ, ఈ పిచ్చి ఏటి?"

"ఆపరేషన్ కాదండీ, తీగ పంపి స్టెంటు పెట్టారు."

"తీగో, తాడో. బేగి ఎనక్కొచ్చీండి."

ఆమె పెట్టిన లూచీలు, ఆవకాయ తిన్నాం. లూచీ మైదా పూరీ. అందులోకి ఆవకాయ నంజుకోవడం ఏ రాష్ట్రం వంటల పుస్తకంలోనూ ఉండదు, ఉండితీరాలి. డాక్టరు నూనె వద్దన్న సంగతి నేను గుర్తుచేసేలోపు మా ఆయన నాలుగోది మింగేశాడు.

ఆరాంబాగ్

మొదటిరోజంతా చదును నేల. ఆలుగడ్డ చేలు, చెరువులు, బాతులు. బ్యాటరీ పొదుపు గురించి నేను మా ఆయనకు దారి పొడుగునా పాఠం చెప్పాను. పెద్ద గేరులో బరువుగా తొక్కితే మోటారు కరెంటు తాగేస్తుంది, తేలిక గేరులో చకచకా తొక్కాలి. టైర్లలో గాలి తగ్గనివ్వకూడదు. ఊరికే ఆగి బయల్దేరకూడదు, ప్రతి బయల్దేరడానికీ ఖర్చుంటుంది. ఆయన శ్రద్ధగా వింటున్నట్టు తలూపుతూ టర్బో నొక్కేవాడు. టీ కొట్టు కనపడితే ఆగేవాడు. బెంగాల్లో టీ కొట్లు కనపడని చోటు లేదు.

ఆరాంబాగ్‌లో ఒక చిన్న లాడ్జిలో దిగాం. కింద మిఠాయి కొట్టు, పైన గదులు. నడపడం కొడుకు పని, చూసుకోవడం తల్లి పని. బ్యాటరీలను మెట్ల కింద ఛార్జింగుకు పెట్టి, భోంచేసి పడుకున్నాం. పొద్దున చూస్తే రెండూ సగమే నిండాయి. ఛార్జర్లు పాడయ్యాయని మా ఆయన నాడి చూసుకోవడం మొదలుపెట్టాడు, తనది. ఇంతలో ఆ పెద్దావిడ వచ్చి విజయగర్వంతో చెప్పింది. ఛార్జరు మీద ఎర్ర దీపం వెలుగుతోందట. ఎరుపంటే ప్రమాదమే కదా! బ్యాటరీలు పేలి ఇళ్లు తగలబడిన వార్తలు టీవీలో చూసిందట. అందుకని లేచినప్పుడల్లా వెళ్లి ప్లగ్గు పీకేసిందట. కొడుకు మళ్లీ పెడితే మళ్లీ పీకిందట.

"మీ ప్రాణాలు నేనే కాపాడాను" అంది బెంగాలీలో.

ఎర్ర దీపమంటే నిండుతోందని, పచ్చదంటే నిండిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా ఎవరూ చూడకుండా రాత్రంతా ఛార్జింగులో వదలకూడదని నేనే ఆయనకు దారిలో చెప్పి ఉన్నాను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని నింపుకున్నాం. ఆ ఖాళీలో ఆవిడ మాకు కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ తినిపించింది. చలికాలంలో మాత్రమే దొరికే బెల్లం, పొగ వాసనతో కమ్మగా ఉంటుంది. నేను ఒకటితో ఆపాను. ఆయన ఎన్ని తిన్నాడో నేను లెక్కపెట్టకుండా నాకు అడ్డంగా కూర్చుంది ఆవిడ.

బిష్ణుపూర్

బిష్ణుపూర్‌కు ముందు అడవి వస్తుంది. రోడ్డు పక్కన ఏనుగు బొమ్మ వేసిన పెద్ద బోర్డు, నెమ్మదిగా వెళ్లమని. మా ఆయన ఆ బోర్డు చూసి టర్బో నొక్కి మాయమయ్యాడు. నేను ఎకోలో, ఆకుల చప్పుడు వింటూ వెళ్లాను. అటవీశాఖ మనిషి ఒకాయన జీపు ఆనించి బీడీ కాలుస్తున్నాడు. ఏనుగులున్నాయా అని అడిగితే, ఉన్నాయి బౌదీ, ఇక్కడ కాదు, మీ ముందు వెళ్లిన దాదా వెళ్లిన వైపున్నాయి అన్నాడు. బౌదీ అంటే వదిన. బెంగాల్లో నేను ఊరంతటికీ వదిననే. మన దగ్గరైతే ముందు అమ్మా అంటారు, వయసు కొంచెం కనపడితే మామ్మా అనేస్తారు. వదినగా ఉండటంలో హాయి ఉంది.

ఏనుగులు ఎవరికీ కనపడలేదు. బిష్ణుపూర్ చేరేసరికి ఆయన బ్యాటరీలో ఒకే ఒక్క గీత మిగిలింది. బ్యాటరీ మీద చెయ్యి పెట్టి, జ్వరం వచ్చిన పిల్లవాడిని చూసినట్టు చూస్తున్నాడు. "కాలిపోతోంది పద్మా."

"మీరు కాలిస్తే కాలదా?"

వేడిమీద ఛార్జింగు పెట్టకూడదు. చల్లారేదాకా ఇటుకల గుళ్లు చూశాం. మట్టి పలకల మీద రాముడు, రావణుడు, పడవలు, వేటకుక్కలు. మన దగ్గర గుడికి వెళ్తే దండం పెట్టి బయటికొస్తాం, ఇక్కడ గోడ దగ్గర ముక్కు ఆనించి గంట గడపాలి. తిరిగి వచ్చేసరికి ఒక మహానుభావుడు, లారీలు కడిగేవాడు, మా సైకిళ్ల బురద చూసి జాలిపడి పెద్ద పైపు గురిపెట్టాడు. ఆ పైపు నీటికి లారీ రంగే ఊడుతుంది, మోటారు కీళ్లలోకి, బ్యాటరీ పిన్నుల్లోకి నీళ్లు పోతే ఇక మేము రైలెక్కడమే. నేను చేతులు చాపి సైకిళ్లకు అడ్డం నిలబడ్డాను. సైకిళ్లు తడవలేదు. నేను తడిశాను.

శుశునియా

బాంకుడా జిల్లాలో శుశునియా అనే రాతికొండ కింద ఒక విడిది ఇంట్లో దిగాం. దారిలో ఒక హోటల్లో గసగసాల ముద్ద కూర తిన్నాం. మనం గసగసాలు చిటికెడు వేసి ఇంట్లో అందరికీ చెప్పుకుంటాం. వీళ్లు గిన్నెల కొద్దీ నూరి, ఆలుగడ్డతో, బీరకాయతో, ఏమీ దొరకకపోతే ఉత్తదే అన్నంలో కలుపుకుంటారు. అది తిన్నాక రెండు గంటలు మనుషులే ఎకోలోకి వెళ్లిపోతారు.

ఆ రాత్రి చలికి పళ్లు టకటకలాడాయి. చలిలో బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, లోపలి రసాయనాలు బద్ధకిస్తాయి, అందుకని గదిలోపలే పెట్టుకోవాలి అని నేను చెప్పాను. గదిలో అంటే మంచం మీద అని మా ఆయన అర్థం చేసుకున్నాడు. ఛార్జింగు అయ్యాక తన బ్యాటరీ తెచ్చి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. అదీ చాలదని తన మంకీ క్యాపు దానికి తొడిగాడు.

"నా బ్యాటరీ సంగతేమిటి?" అన్నాను.

"నీది నేల మీద బాగానే ఉంటుంది. అది గట్టిది, నీ లాంటిది."

పొద్దున విడిది కాపలా మనిషి టీ తెచ్చాడు. దుప్పట్లోంచి తొంగిచూస్తున్న మంకీ క్యాపు చూసి ఠక్కున గొంతు తగ్గించాడు. "ఘుమోచ్ఛే?" అన్నాడు. నిద్రపోతోందా అని. మా ఆయన సిగ్గుపడకుండా తలూపాడు. కాపలా మనిషి మునివేళ్ల మీద నడుస్తూ, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసి వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక గ్లాసు గోరువెచ్చని పాలు వచ్చాయి. ఎవరు తాగాలని మేము కొట్లాడుకోలేదు, ఆయన తాగేశాడు.

చరిదా

పురూలియా పట్నం దాటాక నేల ఎర్రబడింది, ఊళ్లు పలచబడ్డాయి, దూరంగా అయోధ్య కొండ నీలంగా లేచింది. టిఫినుకు శనగపిండి చుట్టలు వేయించి, బఠాణీ కూరతో పెట్టే భాబ్రా తిన్నాం, పక్కన ముఢీ. ముఢీ అంటే మన మరమరాలే. మనం వాటిని పిల్లల చిరుతిండిగా చూస్తాం, ఇక్కడ అది అన్నంతో సమానం. కూర, పప్పు, టీ, ఏదైనా అందులో పోసి తినేస్తారు.

కొండ కింద చరిదా అనే ఊరుంది. ఛౌ నాట్యానికి ముసుగులు చేసే ఊరు. వీధికి రెండు వైపులా దుర్గలు, రాక్షసులు, సింహాలు వేలాడుతూ ఎండలో ఆరుతుంటాయి. కాగితం పొరలు, గుడ్డ, మట్టి కలిపి ముఖం చేసి, రంగు వేసి, తళుకులు, ఈకలు కుట్టి కిరీటం పెడతారు. ఝర్నా అనే ఆమె ఇంట్లో ఛార్జింగు పెట్టుకుని, ఆమె మహిషాసురుడికి మీసాలు అతికిస్తుంటే చూస్తూ కూర్చున్నాం. పెద్ద మొహం, పచ్చరంగు, గుడ్లురిమే కళ్లు, చుట్టూ నెమలి పురి లాంటి కిరీటం. నాకు అది కావాలనిపించింది. ఇంట్లో టీవీ పైన పెడితే సీరియళ్లు చూసే ధైర్యం ఎవరికీ ఉండదు.

"సైకిలు మీదా?" అంది ఝర్నా. "దీదీ, ఇది గాలి పట్టుకుంటుంది. చిన్న దుర్గ తీసుకోండి."

నేను వినలేదు. మహిషాసురుణ్ణి వెనక క్యారియర్ మీద నిలబెట్టి కట్టించాను. ఆ రాక్షసుడు రోడ్డు వైపు గుడ్లురుముతూ కూర్చున్నాడు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. బ్యాటరీ ఎనభై శాతం దగ్గర నేను ప్లగ్గు తీసేశాను. లిథియం బ్యాటరీని ప్రతిసారీ నూరు దాకా నింపితే త్వరగా ముసలిదైపోతుంది, పూర్తిగా ఖాళీ చెయ్యడమూ మంచిది కాదు, ఇరవైకి ఎనభైకి మధ్య ఉంచితే ఏళ్ల తరబడి వస్తుంది. నేను పిల్లలకు చెప్పే మాటే ఇది.

"కొండెక్కాలి కదే, నింపుకో" అన్నాడు మా ఆయన.

"మీరు నింపుకోండి. రెండేళ్లలో మీ బ్యాటరీ చచ్చాక నా దగ్గరికి రాకండి."

ఆయన నూరు దాకా నింపుకుని, పచ్చదీపం వెలిగాక ప్లగ్గు తీశాడు.

అయోధ్య కొండ

బాగ్‌ముండి నుంచి కొండ రోడ్డు. మధ్యాహ్నం మూడు దాటింది. రెండు పక్కలా సాల్ చెట్లు, కింద లోయలో డ్యాము నీళ్లు. మలుపు తర్వాత మలుపు, ప్రతి మలుపూ ముందుదానికన్నా నిలువు. చదునునేల మీద బ్యాటరీ పదేసి కిలోమీటర్లకు ఒక గీత తగ్గితే, ఇక్కడ చూస్తుండగానే తగ్గింది. దానికి తోడు ఎదురుగాలి. మహిషాసురుడి కిరీటం తెరచాపలా గాలిని పట్టుకుని నన్ను వెనక్కి లాగుతోంది. నేను ఎకోలోంచి ట్రైల్‌కు, ట్రైల్‌లోంచి టర్బోకు దిగజారాను. కొండ సగానికి కొంచెం పైన, ఒక మలుపులో, సున్నా చూపించి మోటారు ఆగిపోయింది. ఆగిన వెంటనే గ్యాస్ సిలిండరు నా కాళ్ల మీదికి వచ్చి పడినట్టయింది.

మా ఆయన ఆగి వెనక్కి వచ్చాడు. ఎనభై శాతం గురించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు మంటగా ఉంది.

"కిందికి వెళ్లిపోదాం" అన్నాను. "దిగడానికి బ్యాటరీ అక్కర్లేదు. బాగ్‌ముండిలో ఉండి రేపు ఎక్కుదాం."

"పైన గది తీసుకున్నాం."

"పోతే పోయింది."

"ఏడాదిగా కిందికే కదే వస్తున్నాం." ఆయన హెల్మెట్ బిగించుకున్నాడు. "నువ్వు కూర్చో. నేను పైకి వెళ్లి బండి ఏదైనా తీసుకొస్తాను."

"మీరు ఒంటరిగానా? వద్దు. మీ సైకిలు ఇవ్వండి, నేను వెళ్తాను."

"నా సైకిలెక్కితే నీ కాళ్లు నేలకందవు. ఆపినచోటల్లా పడతావు."

"అయితే ఎవరైనా వచ్చేదాకా ఇద్దరం కూర్చుందాం."

"పద్మా," అన్నాడు, చాలా మామూలుగా, "నేను వెళ్లొస్తాను."

అని వెళ్లిపోయాడు. మలుపు తిరిగాక మోటారు చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత అదీ లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పిట్టగోడ మీద నేను, పక్కన మహిషాసురుడు. ఇద్దరం రోడ్డు వైపు చూస్తున్నాం. ఏదో తీసుకుందామని సంచీ తెరిస్తే నాలుక కింద పెట్టుకునే ఆయన మాత్రలు కనపడ్డాయి. ఇంట్లోంచి కదిలితే ఆయన మందులన్నీ నా సంచీలోనే ఉంటాయి. ఎందుకంటే ఆఫీసుకు తప్ప, ఏడాదిలో ఒక్కసారి కూడా నేను లేకుండా ఆయన బయటికి వెళ్లలేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఎండ చెట్ల పైకి పోయింది. పైనుంచి ఒక మోటారుసైకిలు ఇంజను ఆపేసి జారుతూ వచ్చింది, మీద ఇద్దరు. నేను లేచి చేతులూపి, లావు టైర్ల సైకిలు మీద ఒక లావాటి దాదాను చూశారా అని అరిచాను.

"హ్యాఁ దీదీ! బుకే హాత్ దియే బోషే ఆఛే!" అని వెనకాయన అరిచేలోపు వాళ్లు మలుపు దాటిపోయారు.

ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడట.

సైకిలు, మహిషాసురుడు, హెల్మెట్, అన్నీ అక్కడే వదిలేసి సంచీ ఒక్కటి పట్టుకుని పరుగెత్తాను. పరుగు అనడం నా కాళ్లకు మర్యాద ఇవ్వడమే. ఒక మలుపు, ఇంకో మలుపు. దేవుళ్లందరినీ వరసగా తిట్టాను. డాక్టరును తిట్టాను. సైకిళ్లు అమ్మినవాణ్ణి తిట్టాను. మూడో మలుపు దగ్గర పిట్టగోడ ఉంది, దాని మీద ఎవరూ లేరు. పక్కనే ఒక ముసలామె కట్టెల మోపు దించుకుని కూర్చుంది.

"ఇక్కడ ఒక దాదా కూర్చున్నాడా?"

"చోలే గేఛే" అంది. పోయాడు అని. తెలుగులో అయినా బెంగాలీలో అయినా ఆ మాటకు రెండు అర్థాలు.

"ఎక్కడికి?"

ఆమె తీరిగ్గా చెయ్యెత్తి పైకి చూపించింది. దానికీ రెండు అర్థాలే.

నేను రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోయాను. ముసలామె లేచి నా భుజం పట్టుకుని గోడ మీద కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది. అప్పుడు పైనుంచి హారను వినిపించింది. చిన్న ట్రాలీ ఆటో, వెనక తొట్టెలో మా ఆయన సైకిలు, ముందు డ్రైవరు పక్కన మా ఆయన. నోటినిండా ముఢీ, చేతిలో పొట్లం.

"ఇంతపైకి ఎందుకొచ్చావు?" అన్నాడు దిగి.

"ఛాతీ పట్టుకుని కూర్చున్నారట!"

"కూర్చున్నాను, ఇక్కడే. దడదడ కొట్టుకుంది. అయిపోయిందనుకున్నాను. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, మాత్ర నీ దగ్గర. చేసేదేం లేక కూర్చున్నాను."

"తర్వాత?"

"తర్వాత తగ్గింది. కొండెక్కితే కొట్టుకుంది, కూర్చుంటే తగ్గింది. అంతే. హిమాలయాల్లోనూ ఇలాగే కొట్టుకునేది, అప్పుడు మనం పట్టించుకోలేదు."

"అప్పుడైనా వెనక్కి రావాలి కదా?"

"అప్పుడు మోటారు ఆపేశాను."

"పాడైందా?"

"లేదు. నేనే ఆపేశాను. ఇంకో మలుపు దాకా."

"ఎందుకండీ?"

ఆయన పొట్లంలోకి చూశాడు. "చూద్దామని."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆకలేసింది. మూడింటికీ కలిపి ఆ పొట్లం లాక్కున్నాను. ముసలామె మమ్మల్నిద్దరినీ చూసి నవ్వి, మోపు ఎత్తుకుని కిందికి నడిచింది. ఆటోలో ఆమెనూ ఎక్కించుకున్నాం.

నా సైకిలు దగ్గరికి వెళ్లేసరికి ఒక మేక మహిషాసురుడి మీసాలు నములుతోంది. ఎడమ మీసం పూర్తిగా అయిపోయింది, కుడిదాని కొస పళ్ల మధ్య ఉంది. మా ఆయన చప్పట్లు కొట్టి తరిమాడు. అది వెళ్తూ వెళ్తూ కిరీటంలోంచి ఒక ఈక పట్టుకుపోయింది.

పైన విడిదిలో మా గదికి ఒకే ఒక్క ప్లగ్గు పాయింటు. నా బ్యాటరీ చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూసి ఆయనే తగిలించాడు. ఎర్ర దీపం వెలిగింది.

"ఎనభైకా, నూరుకా?" అని అడిగాడు.

"నూరుకి" అన్నాను. "ముసలిదైతే అవనివ్వండి."

రాత్రి ఆకు విస్తట్లో అన్నం, నాటుకోడి కూర పెట్టారు. మనం కూరను దగ్గరగా ఉడికిస్తాం. వీళ్లది పులుసులా పలచన, ఆవనూనె ఘాటు, ఆలుగడ్డ ముక్క కోడి ముక్కతో సమానంగా. అందులో నూనె ఎంతుందో నేను చూడలేదు. చూడదలుచుకోలేదు.

దిగుడు

మరో రోజు కొండ మీదే తిరిగాం. డ్యాములు చూశాం, జలపాతం దాకా నడిచాం, ఆయన రాళ్ల మీద నాకన్నా ముందున్నాడు. ఆ తర్వాతి పొద్దున దిగుడు. కింద పురూలియాలో రైలెక్కి ఇంటికొచ్చేశాం, ఆ ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. దిగుడు గురించే ఉంది.

కొన్ని బండ్లకు దిగేటప్పుడు బ్యాటరీ తిరిగి నిండుతుందట. మావి అలాంటివి కావు. ఎక్కడానికి తిన్నది తిన్నట్టే, దిగేటప్పుడు ఏదీ తిరిగిరాదు. రెండు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి, రెండింటితోనూ పనిలేదు. మోటార్లు ఆపేసి, బ్రేకుల మీద వేళ్లుంచి బయల్దేరాం. మంచు ఇంకా విడలేదు. చెట్ల మధ్య గాలి చెవులు కోస్తోంది. ఆయన ముందు, నేను వెనక, ఒంటి మీసం మహిషాసురుడు నా వెనక.

మొదటి రెండు మలుపులూ ఆయన నా కోసం నెమ్మదించాడు. మూడోదానికి నెమ్మదించలేదు. పెడల్స్ మీద లేచి నిలబడి, ఒళ్లు పక్కకు వాల్చి, పాతికేళ్ల కుర్రాడిలా వంపు తిరిగి, చెట్ల చాటున కనపడకుండా పోయాడు.

జాగ్రత్త అని అరవడానికి నోరు తెరిచాను. నోటినిండా చల్లగాలి పోయింది. మూసుకున్నాను.